చెకింగమ్మ చెయ్యి ఆగింది

పద్దెనిమిదేళ్ళపాటు చొక్కాల్లో తప్పులు పట్టిన మనిషిని ఉన్నట్టుండి ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో చెకింగమ్మ అత్తగారిని అడగాలి. ఫ్యాక్టరీ మూతపడిన మొదటి వారం కోడలు దుప్పట్లన్నీ దులిపి ఊడిన దారప్పోగులు వెతికింది. రెండో వారం గిన్నెల మీద గీతలు పట్టుకుంది. మూడో వారానికి వంటింటి గోడ పెచ్చుల మీద పడింది.

“ఇక మిగిలింది నేనే,” అంది అత్తగారు మంచం మీంచి. “నోట్లో పళ్ళు లేవు, కంట్లో పొర, మోకాలు వంగదు. నన్ను కూడా రిజెక్టు బుట్టలో పడేస్తే నీకు హాయిగా నిద్ర పడుతుంది.”

“మిమ్మల్ని ఎప్పుడో పాస్ చేశాను అత్తయ్యా. స్లిప్పు కూడా పెట్టేశాను.”

“ఎక్కడ పెట్టావ్? నాకు జేబే లేదుగా!”

ఆ స్లిప్పు సంగతి చెప్పాలి. బట్టల ఫ్యాక్టరీలో చివరి బల్ల ఆమెది. ఏ చొక్కా అయినా ఆమె చేతుల్లోంచి పోవాల్సిందే. కుట్టు తప్పితే, గుండీ వదులైతే, ఒక చేతి రంగు ఇంకో చేతి రంగుకి వెంట్రుకవాసి తేడా ఉంటే పక్కన పడేసేది. బాగున్నదాని జేబులో ఇరవై ఏడు అని అచ్చేసిన చిన్న కాగితం దోపేది. ఎక్కడో ఎవరో ఆ చొక్కా తొడుక్కుని గుండీ ఊడిందని తిప్పి పంపితే ఇరవై ఏడో నెంబరు ఎవరని వెతుక్కుంటూ వస్తారు. పద్దెనిమిదేళ్ళలో అలా నాలుగుసార్లే వచ్చారు. ఆ నాలుగు చొక్కాలూ ఏ రంగువో ఆమె ఇప్పటికీ చెప్పగలదు. వీధి వీధంతా ఆమెను చెకింగమ్మ అనడం మొదలెట్టి ఎన్నేళ్ళయిందో, అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అలాంటి మనిషి పని కోసం కాళ్ళరిగేలా ఆరు గుమ్మాలు తిరిగింది. ఆరు చోట్లా ఒకటే ప్రశ్న: వయసెంత? నలభై ఆరు అనగానే అవతలివాళ్ళ చూపు ఆమె భుజం మీదుగా వెనకాల నిలబడ్డ పిల్ల మీదికి జారిపోయేది. ఒక్కో చొక్కాకి ఆమె రెండు నిమిషాలు ఇచ్చేది. ఆమెకి వీళ్ళు అర నిమిషం కూడా ఇవ్వలేదు. ఉసూరుమంటూ ఇంటికి రావడం అలవాటైపోయింది.

చివరికి ఒక మేస్త్రీ దొరికాడు. దూరపు ఊళ్ళో మంచుగది లాంటి గోదాం, పెట్టెలు కట్టే పని, ఆరు నెలలు అక్కడే హాస్టల్లో ఉండాలి. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం ఉదయం ఆరున్నరకి బస్సు. ఆమె పేరు రాయించేసింది. రాయించి బయటికొచ్చాక ఇల్లు గుర్తొచ్చింది. భర్త ఓడరేవులో క్రేను నడుపుతాడు, రెండు నెలలకోసారి నాలుగు రోజులు కనిపిస్తాడు. ఆమె వెళ్ళిపోతే రెండో అంతస్తులోని ఆ రెండు గదుల్లో అత్తగారొక్కతే. కిందటి నెలలోనే ఆవిడ గ్యాసు తిప్పి, అగ్గిపుల్ల ఎక్కడ పెట్టానా అని పావుగంట వెతికింది.

“వెళ్ళు, వెళ్ళు. నాకేం భయం? నా గోడలకి నీ పీడ వదులుతుంది,” అంది అత్తగారు. “కాకపోతే అది చలి చోటు. నీ స్వెట్టరుకి మూడో గుండీ లేదు. లోకంలో ఉన్న గుండీలన్నీ లాగి చూశావు, నీది మాత్రం చూసుకోలేదు.”

ఆ శుక్రవారమే చెప్పులు కుట్టే అతని కొట్టు పక్క గోడ మీద చేత్తో రాసిన కాగితం కనిపించింది. ‘మందులు కొట్టని కూరగాయల తోట. నలభై రెండు కుటుంబాల ఉమ్మడి తోట. పనికి మనిషి కావాలి. వయసు అడగం. నడుము వంగితే చాలు.’ ఆమె మూడుసార్లు చదివింది. అటూ ఇటూ చూసింది. కాగితాన్ని మెల్లగా పీకి, మడిచి, సంచిలో వేసుకుంది. అది తప్పేనని ఆమెకీ తెలుసు. కానీ వెనకాల నిలబడే పిల్లలతో ఆమె విసిగిపోయి ఉంది.

తోట ఊరి చివర పాత బస్సు డిపోలో ఉంది. బస్సులు నిలిచిన చోట ఇప్పుడు మడులు. టిక్కెట్ల గది సామాన్ల గది అయింది. ఆ తోటను మొదలుపెట్టింది రిటైరైన ఒక టీచరమ్మ. ముప్పై ఏళ్ళు మొక్కల పాఠం చెప్పి, పిల్లలెవరూ వినలేదన్న కసితో చివరికి మొక్కలకే పాఠం చెప్పడానికి వచ్చానని ఆవిడే చెప్పుకుంటుంది. కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది. ఆవిడకి తోడు ఒక డ్రైవరన్న. ఇరవై ఏళ్ళు ఇదే డిపోకి బస్సు తెచ్చిపెట్టిన మనిషి. ఇప్పటికీ ఎరువు బండిని వెనక్కి తోసేటప్పుడు “రైట్, రైట్, హోల్డాన్” అని తనకి తనే చెప్పుకుంటాడు.

“కాగితం పెట్టి పది రోజులైంది. నువ్వు తప్ప ఒక్కరూ రాలేదు, విచిత్రం,” అంది టీచరమ్మ.

చెకింగమ్మ సంచిని చంకలోకి అదుముకుంది.

“సోమవారం నుంచి శనివారం దాకా చూస్తాను. శనివారం చెప్తాను ఉండమనో, వద్దనో. ఇక్కడ నియమం ఒక్కటే.” టీచరమ్మ గది తలుపు మీది నల్లబోర్డు చూపించింది. సుద్దముక్కతో పెద్దక్షరాలు: వేరుచేసిన చెయ్యే అందించాలి. అంటే, ఆ రోజు కోసిన కూరగాయల్ని బల్ల మీద ఏరి పెట్టెల్లో సర్దినవాళ్ళే, నలభై రెండు కుటుంబాలవాళ్ళకీ ఆ పెట్టెల్ని స్వయంగా చేతికివ్వాలి. ఎవరైనా ఏమైనా అడిగితే జవాబు వాళ్ళే చెప్పుకోవాలి. వారానికి రెండుసార్లు పంపకం, బుధవారం, శనివారం.

చెకింగమ్మకి ఆ నియమం ఎంతో నచ్చింది. ఇరవై ఏడో నెంబరుకి ఇన్నాళ్ళకి ఒక ముఖం దొరికిందనుకుంది.

సోమ, మంగళ వారాలు నడుముకి చుక్కలు కనిపించాయి. అయినా ఆమె నాటిన నారు వరస కుట్టుమిషను మీద కుట్టినంత తిన్నగా వచ్చింది. డ్రైవరన్న నోరు తెరిచి చూశాడు. “చెల్లెమ్మా, ఇంత తిన్నగా నేను బస్సు కూడా నడపలేదు.” ఆమె నవ్వింది. ఆరు గుమ్మాల తర్వాత మొదటిసారి.

బుధవారం ఆమెను ఏరే బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. బల్ల, వెలుతురు, ముందు గుట్టగా సరుకు. ఇది ఆమె రాజ్యం. చేతులు వాటంతటవే కదిలాయి. చిల్లు పడ్డ పాలకూర అవతలికి. రెండు కాళ్ళ క్యారెట్ అవతలికి. చీలిన ముల్లంగి, మచ్చ పడ్డ టమాటా, మెడ వంకర తిరిగిన వంకాయ, అన్నీ అవతలికి. గంటన్నరలో బల్ల ఖాళీ చేసి, అవతల పడిన నాలుగు గంపల్నీ ఎరువు గోతిలో గుమ్మరించింది. రోజూ ఆ వేళకి పోసే అలవాటు ప్రకారం డ్రైవరన్న వచ్చి చూడకుండానే రెండు బకెట్ల పేడనీళ్ళు దాని మీద పోశాడు.

సాయంత్రం నాలుగింటికి టీచరమ్మ ఒక పెట్టె ఎత్తి చూసింది. మళ్ళీ దించి ఇంకోటి ఎత్తింది. “ఇంత తేలిగ్గా ఉన్నాయేంటి?”

“ఏరేశాను టీచర్ గారూ,” అంది చెకింగమ్మ, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ. “చిల్లు ఆకు ఒక్కటి లేదు. అంతా నెంబర్ వన్ సరుకు.”

టీచరమ్మ గోతి దాకా వెళ్ళి చూసి వచ్చింది. వచ్చేటప్పటికి ముఖం మాడిపోయి ఉంది. “పురుగు తిన్న ఆకంటే మనం మందు కొట్టలేదని పురుగు ఇచ్చిన సర్టిఫికెట్టమ్మా! ఆ చిల్లు చూసే వీళ్ళు మన దగ్గరికొస్తారు. మూడు నెలలు పెంచాం. సగం గోతిలో పోశావు.”

చెకింగమ్మ గోతి వైపు చూసింది. ఆమె తప్పు చెయ్యాలని చెయ్యలేదు. పాపం, తనకు తెలిసిన పనిని తెలిసినంత బాగా చేసింది.

డ్రైవరన్న మెల్లగా అన్నాడు, “వాన తక్కువై కాపు రాలేదని చెప్పేద్దాం చెల్లెమ్మా. ఎవరికి తెలుస్తుంది?”

ఆమె తల అడ్డంగా ఊపింది. జనం వచ్చారు. ఒక్కొక్కరికీ పెట్టె ఇస్తూ నలభై రెండుసార్లు అదే మాట చెప్పింది: “తక్కువ ఉన్నాయండీ. బాగున్నవాటిని కూడా నేనే పారేశాను. నాకు తెలీలేదు.” కొందరు నవ్వారు. కొందరు నిట్టూర్చారు. ఆసుపత్రిలో పని చేసే నర్సు “పోనీలే అక్కా, మొదటి రోజేగా” అంది. బేకరీ ఆయన మాత్రం పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. “గలగలమంటోంది! మా బేకరీలో మాడిన రొట్టె కూడా ఇంత పారెయ్యం.” అందరి ముందూ అన్నాడు. ఆమె చెవులు మండిపోయాయి.

అందరూ వెళ్ళాక టీచరమ్మ కళ్ళద్దాల పైనుంచి చూసింది. “శనివారం దాకా అన్నాను కాబట్టి శనివారం దాకా. కానీ ఇక మీదట ఏదీ పారెయ్యకు. అర్థమైందా? ఏదీ.”

మర్నాడు పని తొందరగా అయిపోయి ఆమె మూడింటికే ఇల్లు చేరింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల అత్తగారు మంచం దగ్గర నిలబడి, ఒక చెయ్యి గోడకి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని నడుస్తోంది. “తొమ్మిది... పది... పదకొండు. ఇదిగో పొయ్యి.” తడిమి చూసుకుంది. వెనక్కి తిరిగింది. “పొయ్యి నుంచి కుళాయికి నాలుగు. ఒకటి... రెండు...” మూడో అడుగులో మోకాలు స్టూలుకి కొట్టుకుంది. “దీన్ని ఇక్కడ పెట్టి చచ్చిందెవరు?” అని తనని తనే తిట్టుకుని, స్టూలు పక్కకి జరిపి, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది.

చెకింగమ్మ గుమ్మంలోనే ఆగింది. నాకేం భయం అన్న మనిషి ఒక్కతే బతకడం ప్రాక్టీసు చేస్తోంది. ఆమె చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగిపోయి, వీధిలో కాసేపు నిలబడి, చెప్పులు టకటకలాడిస్తూ మళ్ళీ ఎక్కింది. అప్పటికి అత్తగారు మంచం మీద ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

“బస్సు ఎన్నింటికన్నావ్?” అడిగింది అత్తగారు.

“బస్సు ఎక్కనత్తయ్యా. ఈ పని దొరుకుతుంది.”

“దొరికితే మంచిదే. దొరక్కపోతే ఎన్నింటికి?”

“ఆరున్నర,” అంది చెకింగమ్మ.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ ఏరే బల్ల. ఈసారి డ్రైవరన్న కూడా పక్కన కూర్చున్నాడు. పాలకూరని కొడవలితో గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా కోసి గంపల్లో తెచ్చారు. చెకింగమ్మ పళ్ళు బిగించి అన్నిటినీ పాస్ చేసింది. జల్లెడలాంటి ఆకు పాసు. వంకర క్యారెట్ పాసు. ప్రతి చిల్లుకీ వేళ్ళు పక్కకి లాగుతున్నాయి, ఆమె వెనక్కి లాక్కొస్తోంది.

మధ్యలో ఒకసారి చెయ్యి ఆగింది. ఆ ఆకుకి చిల్లు లేదు, మచ్చ లేదు. చూడ్డానికి మిగతా ఆకుల్లాగే పచ్చగా ఉంది. కానీ ఆకుపచ్చ అదే ఆకుపచ్చ కాదు. ఒక చేతికి ఒక తానులోంచి, ఇంకో చేతికి ఇంకో తానులోంచి గుడ్డ వేసి కుట్టిన చొక్కాలా ఉంది. కాడ మీద ఊదారంగు జీర. ఫ్యాక్టరీలో దాన్ని వేరే లాటు అనేవాళ్ళు.

“అన్నా, ఇది వేరే లాటులా లేదూ?”

డ్రైవరన్న తల ఎత్తకుండానే నవ్వాడు. “ఆకుల్లో లాటులేంటి చెల్లెమ్మా? ఆకు ఆకే. మళ్ళీ మొదలెట్టకు, టీచరమ్మ వింటే అయిపోయావన్నమాటే.”

టీచరమ్మ పది అడుగుల దూరంలో నీళ్ళ పైపు సరిచేస్తోంది. వెళ్ళి అడగొచ్చు. ‘ఏదీ’ అన్న మాట చెవిలో గింగురుమంది. ఆదివారం బస్సు గుర్తొచ్చింది. గోడ పట్టుకుని నడిచిన పదకొండు అడుగులు గుర్తొచ్చాయి. ఆమె ఆ ఆకుని పెట్టెలో వేసేసింది. ఇంకో రెండుసార్లు చెయ్యి ఆగింది. రెండుసార్లూ వేసేసింది.

శనివారం ఉదయం ఏడింటికి పంపకం. పెట్టెలు నిండుగా, బరువుగా ఉన్నాయి. జనం ముఖాలు విప్పారాయి. టీచరమ్మ ఒక పక్కన స్టూలు మీద కూర్చుని గమనిస్తోంది, ముఖంలో కోపం లేదు. పదకొండు పెట్టెలు వెళ్ళిపోయాయి. పన్నెండోది బేకరీ ఆయనది.

“ఇదీ పెట్టె అంటే!” అన్నాడాయన రెండు చేతులూ చాపి.

ఇచ్చే ముందు పైనున్న ఆకుని సర్దబోయింది చెకింగమ్మ. చొక్కా కాలరు సర్దినట్టు, అలవాటుగా. చెయ్యి ఆగిపోయింది. అదే రంగు. అదే ఊదా జీర. రాత్రంతా పెట్టెలో నలిగి ఇప్పుడు ఘాటైన వాసన కూడా వేస్తోంది.

పెట్టె ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. బేకరీ ఆయన చేతులు గాల్లో ఉన్నాయి. వెనక ముప్పై మంది. ఇచ్చేస్తే సరి, ఇంకో గంటలో టీచరమ్మ ఉండమంటుంది. ఇవ్వకపోతే మళ్ళీ అదే చెకింగమ్మ, మళ్ళీ అదే పిచ్చి. ఒకవేళ అది ఒట్టి ఆకే అయితే? ఆకు ఆకే అయితే? ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

“ఇవ్వనండీ,” అంది.

“మళ్ళీనా!” అన్నాడు బేకరీ ఆయన.

“మళ్ళీనే.” ఆమె ఆకుని తీసి టీచరమ్మ దగ్గరికి పరుగెత్తింది. “ఇది ఏం ఆకో నాకు తెలీదు. బాగుందో బాగాలేదో తెలీదు. ఈ లాటుది కాదని మాత్రం తెలుసు. నిన్ననే చెయ్యి ఆగింది. చెప్పలేదు.”

టీచరమ్మ ఆకుని కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టుకుంది. నలిపి వాసన చూసింది. లేచి నిలబడింది. “ఉమ్మెత్త,” అంది చిన్నగా. “పాలకూర మడిలో లేత ఉమ్మెత్త మొలిచింది. కొడవలికి దాంతోపాటు తెగింది.” తర్వాత గట్టిగా అరిచింది. “ఎవరూ పెట్టె ఇంటికి తీసుకెళ్ళకండి! వెళ్ళినవాళ్ళకి ఫోన్ చెయ్యండి!”

నర్సు అప్పటికే ఫోన్ తీసింది. “కూరలో నాలుగాకులు పడినా చాలు, నోరు ఎండిపోయి, చూపు మసకబారి, మనిషి ఏం మాట్లాడుతున్నాడో మనిషికే తెలీదు. పెద్దవాళ్ళకైతే ప్రాణం మీదికొస్తుంది.”

వెళ్ళిన పదకొండు మందిలో పదిమంది ఫోనుకి దొరికారు. డ్రైవరన్న స్కూటరెక్కి వాళ్ళ పెట్టెలు తేవడానికి పోయాడు. పదకొండో ఆవిడ మూడో అంతస్తు మామ్మగారు, ఒక్కతే ఉంటుంది, అందరికంటే ముందు వచ్చి అందరికంటే ముందు వండుకుంటుంది. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు.

“ఇల్లెక్కడ?” అంది చెకింగమ్మ.

రెండు వీధుల అవతల. ఆమె నలభై ఆరేళ్ళ కాళ్ళు అంత పరుగు ఎప్పుడూ పెట్టలేదు. మెట్ల మీద చెప్పొకటి ఊడిపోతే వదిలేసి ఎక్కింది. తలుపు దబదబా బాదింది. లోపల కుళాయి చప్పుడు. ఎంతసేపటికో గడియ తీసిన శబ్దం.

వంటింట్లో పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి. తొట్టిలో పాలకూర తేలుతోంది. మామ్మగారు ఒక్కో ఆకునీ ముఖం దగ్గరికి తెచ్చుకుని చూస్తూ కడుగుతోంది, పాపం, అంత దగ్గరగా చూసినా సగమే కనిపిస్తున్నట్టుంది.

“ఏంటమ్మాయ్, ఆ ఆయాసం? ఫోనా? కుళాయి తిప్పితే నాకేం వినిపించదు.”

చెకింగమ్మ ముందు పొయ్యి ఆర్పింది. తొట్టిలో రెండు చేతులూ పెట్టింది. వేళ్ళు పని మర్చిపోలేదు. ఒకటి దొరికింది. అడుగున ఇంకొకటి. రెండిటినీ పిడికిట్లో పట్టుకుని అక్కడే నేల మీద కూలబడి భోరున ఏడ్చేసింది. తను నిన్న చెయ్యి ఆగినప్పుడు చెప్పి ఉంటే ఈవిడ పొయ్యి దాకా ఇది వచ్చేది కాదు. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే దాటిపోయేది కూడా.

“పురుగేమైనా వచ్చిందా?” అంది మామ్మగారు గ్లాసుతో నీళ్ళిస్తూ. “పురుగుకి ఏడుస్తారా ఎవరైనా?”

మామ్మగారి పెట్టె పట్టుకుని చెకింగమ్మ తిరిగొచ్చేసరికి తోటలో ఒక్కరూ ఇంటికి పోలేదు. మిగతా నలభై ఒక్క పెట్టెల పాలకూరా బల్ల మీద గుట్టగా పోసి ఉంది. “చెప్పు, ఎలా చూడాలో,” అంది టీచరమ్మ. చెకింగమ్మ చెప్పింది. కాడ చూడండి, రంగు చూడండి, ఈనె ఎంత తెల్లగా ఉందో చూడండి, అనుమానమొస్తే నలిపి వాసన చూడండి. బల్ల చుట్టూ నర్సు, ప్లంబరు, బేకరీ ఆయన, అందరూ ఒకరి భుజం ఒకరికి తగులుతూ ఏరారు. అందరూ చూసినదాన్ని ఆమె మళ్ళీ చూసింది. మొత్తం పంతొమ్మిది ఆకులు దొరికాయి. పంతొమ్మిదిలో ఎనిమిది ఆమె రెండోసారి చూసినప్పుడు దొరికినవే.

“అమ్మా, ఇవి కూడా ఓసారి చూడవూ,” అని తన పెట్టెలో క్యారెట్లు చూపించాడు బేకరీ ఆయన. ఎవరూ నవ్వలేదు, చివరికి ఆయనే నవ్వాడు.

జనం వెళ్ళాక టీచరమ్మ ఆమెను సామాన్ల గది ముందు నిలబెట్టింది. “నిన్న చెయ్యి ఆగిందన్నావు. నేను పది అడుగుల్లో ఉన్నాను. ఎందుకు చెప్పలేదు?”

“మీరు ఏదీ పారెయ్యొద్దన్నారు. మళ్ళీ పారేస్తే పొమ్మంటారని భయం. నాకు ఈ పని కావాలి టీచర్ గారూ.”

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. పిల్లలు భయపడి అడగడం మానేస్తే అది టీచరు తప్పని నాకు తెలీదా?” సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పాత వాక్యం కింద ఇంకొకటి రాసింది: చెయ్యి ఆగితే అడగాలి. “సోమవారం ఏడింటికి రా. నీతోపాటు ఇంకో మనిషి కూడా కావాలి, కానీ ఆ కాగితం చూసి ఒక్కరైనా రారేంటో.”

చెకింగమ్మ సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. “నేనే పీకేశాను.”

డ్రైవరన్న పడీ పడీ నవ్వాడు. టీచరమ్మ కూడా నవ్వాపుకోలేక అటు తిరిగింది.

ఆమె ఒంటి చెప్పుతో, చేతిలో తన వాటా పెట్టెతో ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. గుమ్మం పక్కన సర్ది కట్టిన సంచి ఉంది. అత్తగారు మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది.

“అన్నీ పెట్టేశాను. చూసుకో. రేపు పొద్దున్నే హడావిడి పడకుండా,” అంది ఆవిడ, ఇటు చూడకుండా.

చెకింగమ్మ సంచి విప్పింది. బట్టలు, దువ్వెన, తువ్వాలు, సబ్బు. అన్నిటికంటే పైన స్వెట్టరు. నీలం స్వెట్టరుకి మూడో గుండీ ఉంది. ఎర్ర గుండీ. పక్కవాటికంటే పెద్దది. కాజాకి అంగుళం పైకి కుట్టి ఉంది, తెల్ల దారంతో, లెక్కలేనన్ని ముళ్ళతో. రెండు చోట్ల ఎండిన చిన్న రక్తపు మరక, సూది వేలికి గుచ్చుకున్నట్టుంది.

“తడిమి కుట్టాను,” అంది అత్తగారు. “రంగు కలిసిందో లేదో నాకు తెలీదు. చెకింగు చేసుకో. రిజెక్టు అంటే ఊడదీసి మళ్ళీ కుడతాను.”

చెకింగమ్మ వేళ్ళతో గుండీని లాగి చూసింది. ఊడలేదు. స్వెట్టరు తొడుక్కుని, ఆ ఎర్ర గుండీని అందని కాజాలోకి బలవంతంగా దూర్చింది. మెడ ఒక పక్కకి వంకర తిరిగింది.

“పాసే అత్తయ్యా. కానీ బస్సు ఎక్కడం లేదు. పని దొరికింది.”

అత్తగారు చెయ్యి చాపి కోడల్ని తడిమి, చేతికి ఊలు తగలగానే చెయ్యి ఆపింది. “మరి ఇంత ఎండలో స్వెట్టరెందుకే తొడుక్కున్నావ్, పిచ్చిదానా?” అంది. “వెళ్ళొద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదే.”

“నాకు తెలుసు. పదకొండు అడుగులు,” అంది చెకింగమ్మ. అత్తగారి చెయ్యి పట్టుకుని మంచం మీద పక్కనే కూర్చుంది. చెమటలు కారిపోతున్నా సాయంత్రం దాకా ఆ స్వెట్టరు విప్పలేదు.